పరిశోధన పేపర్ చేతికొస్తే ఎక్కడ తవ్వాలి? గణితం, మెటీరియల్ సైన్స్, వైద్యం, సైకాలజీ పేపర్లు చదివేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

పేపర్ ఏ రంగానిదైనా పైకి ఒకేలా ఉంటుంది. శీర్షిక, రచయితల పేర్లు, అబ్‌స్ట్రాక్ట్, నడుమ గ్రాఫులో సమీకరణాలో, చివర రిఫరెన్సుల చిట్టా. ఆ పోలికే మోసం చేస్తుంది. గణిత పేపర్లో రుజువు మొత్తం కాగితం మీదే ఉంటుంది. ఓపిక, నేపథ్యం ఉంటే మొదటి నుంచి చివరి దాకా సరిచూసుకోవచ్చు. మెటీరియల్ సైన్స్‌లో అసలు సాక్ష్యం ఎక్కడో ల్యాబ్‌లో ఉన్న నమూనా. మన చేతికి వచ్చేవి దాని కొలతలు మాత్రమే. వైద్యంలో ఫలితం కంటే ముందు చూడాల్సింది ఎవరికి మందు ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు, ఆ విభజన ఎలా జరిగింది అన్నది. సైకాలజీలో కొలిచిన దాని కంటే కొలబద్ద మీద ఎక్కువ అనుమానం ఉండాలి. నాలుగింటినీ ఒకే తీరున చదివితే తవ్వాల్సిన చోటు వదిలేసి ఇంకెక్కడో తవ్వుతూ కూర్చుంటాం.

పరిశోధనలో కొత్తగా అడుగుపెట్టినవాళ్లు, పక్క రంగం పేపర్ చదవాల్సి వచ్చినవాళ్లు, వార్త చూసి ఊరుకోకుండా అసలు పేపర్ తెరిచేవాళ్లు, వీళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

1. ముందు ఆ పేపర్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చూడండి

ఒకే పనికి రెండు మూడు రూపాలు ఉండటం మామూలే. ప్రిప్రింట్ (తోటి నిపుణుల రివ్యూకు ముందే బయట పెట్టిన రూపం) ఒకటి, దాన్ని సవరించింది ఇంకొకటి, జర్నల్లో అచ్చయింది మరొకటి. గణితం, భౌతికశాస్త్రం, కొంతమేర మెటీరియల్స్ వాళ్లు 1991లో మొదలైన ఆర్కైవ్ (arXiv) అనే సైట్‌లో ప్రిప్రింట్లు పెడతారు. సైకాలజీకి 2016 నుంచి సైఆర్కైవ్, వైద్యానికి 2019 నుంచి మెడ్‌ఆర్కైవ్ ఉన్నాయి. ఆర్కైవ్ పాత వెర్షన్లను తీసేయదు. మొదటి వెర్షన్ అబ్‌స్ట్రాక్ట్‌నీ చివరి వెర్షన్ అబ్‌స్ట్రాక్ట్‌నీ పక్కపక్కన పెట్టి చదివితే, రివ్యూలో రచయితలు ఏ మాట దగ్గర వెనక్కి తగ్గారో తెలిసిపోతుంది. ఐదు నిమిషాల పని, చాలామంది చేయరు.

తర్వాత డీఓఐ నంబర్‌తో (ప్రతి పేపర్‌కూ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) వెతికి పేపర్ ఉపసంహరణకు గురైందేమో చూడాలి. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ పేపర్ 1998లో లాన్సెట్‌లో వచ్చింది. అందులో ఉన్నది 12 మంది పిల్లలు. జర్నల్ దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకున్నది 2010లో. ఉపసంహరణల చిట్టా అయిన రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ను 2023లో క్రాస్‌రెఫ్ (డీఓఐలను నమోదు చేసే సంస్థ) కొని అందరికీ ఉచితంగా తెరిచింది కాబట్టి ఇప్పుడు ఈ వెతుకులాటకు సాకు చెప్పలేం. అచ్చయిన పేపర్ల మీద చదివినవాళ్లు వ్యాఖ్యలు రాసే పబ్‌పీర్ సైట్‌లో కూడా ఓసారి చూడండి. బొమ్మలు అతికించిన పేపర్ల గుట్టు జర్నల్ కంటే ముందు అక్కడే బయటపడుతుంటుంది.

పేపర్ డబ్బు కడితే గానీ తెరుచుకోకపోతే అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి, లేదా రచయితకు రెండు లైన్ల మెయిల్ రాయండి. చాలామంది సంతోషంగా పంపిస్తారు.

జర్నల్ పేరు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి తీర్పు చెప్పడం మాత్రం వద్దు. అది జర్నల్ మొత్తానికి లెక్కగట్టిన సగటు. మీ చేతిలో ఉన్న పేపర్‌కు ఇచ్చిన మార్కులు కాదు.

2. వాళ్లు ఏమంటున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి

సొంత మాటల్లో, పెన్ను పట్టుకుని. "ఈ మందు గుండెకు మంచిది" అని రాస్తే అది సరిపోదు. ఎవరికి, దేనితో పోలిస్తే, ఏ ఫలితంలో, ఎంత, ఎంత కాలంలో: ఇవన్నీ ఆ వాక్యంలో ఉండాలి. గణితంలో అయితే ఏ షరతుల కింద, ఏ వస్తువుల గురించి, ఏమి నిజం అన్నది. మెటీరియల్స్‌లో ఏ పదార్థం, ఏ ఉష్ణోగ్రత, ఏ పీడనం, దేని కంటే ఎంత మెరుగు.

వాక్యం రాయలేకపోతే రెండే కారణాలు. పేపర్ మీకు ఇంకా అర్థం కాలేదు, లేదా రచయితలే స్పష్టంగా చెప్పలేదు. రెండో కారణం మనం అనుకునే దానికంటే ఎక్కువసార్లు ఎదురవుతుంది.

రాశాక క్రియాపదం మీద ఓ కన్నేయండి. "సంబంధం కనిపించింది" అని ఫలితాల్లో ఉండి, ముగింపు పేరాకు వచ్చేసరికి "తగ్గిస్తుంది" అని మారిపోయిందా? ఆ రెండు మాటల మధ్య దూరం ఎలా దాటారో వెతకడమే మిగతా చదువంతా.

3. గణితం: షరతుల దగ్గర మొదలుపెట్టండి

గణిత పేపర్‌ను వరుసగా చదివితే మూడో పేజీకే నీరసం వస్తుంది. ప్రధాన సిద్ధాంతం ఎక్కడుందో వెతికి ముందు దాన్నే చదవండి. అందులో తెలియని నిర్వచనాలకు వెనక్కి వెళ్లండి. తర్వాత ఉదాహరణలు, ఆపై నిరూపణ అస్థిపంజరం, అంటే ఏ లెమ్మా (మధ్యలో మెట్టుగా వాడే చిన్న సిద్ధాంతం) దేనికి పనికొస్తోందన్నది. వివరాలు చివర. పేజీకి ఒక రోజు పట్టినా కంగారు పడక్కర్లేదు, ఆ రంగంలో అది మామూలే.

సిద్ధాంతాన్ని అతి చిన్న సందర్భంలో మీరే వేసి చూడండి. సంఖ్యల గురించి అయితే 1, 2, 3 పెట్టి. మాత్రికల గురించి అయితే రెండు వరుసల మాత్రికతో. తర్వాత షరతులను ఒక్కొక్కటే తీసేసి ఏది కూలుతుందో చూడాలి. ప్రతి షరతూ నిరూపణలో ఏ లైన్‌లో వాడారో గుర్తుపెట్టండి. ఎక్కడా వాడని షరతు కనిపిస్తే, సిద్ధాంతం వాళ్లు చెప్పిన దానికంటే బలమైనదైనా అయి ఉండాలి, నిరూపణలో ఎక్కడో తేడా అయినా ఉండాలి.

ఉదాహరణలు అర్థం కావడానికే, రుజువుకు కాదు. ఒక సంఖ్య తీసుకోండి, దాని వర్గానికి అదే సంఖ్యను కలిపి, ఇంకో 41 కలపండి. 0 నుంచి 39 వరకు ఏది వేసినా ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 దగ్గర 1681 వస్తుంది, అది 41 ఇంటూ 41. ఇంతకంటే ఘోరం 1919లో పోల్యా అనే గణితవేత్త వేసిన ఊహ. రెండు మొదలు ఏ సంఖ్య దాకా లెక్కించినా, ప్రధాన కారణాంకాలు సరి సంఖ్యలో ఉన్నవి బేసి సంఖ్యలో ఉన్నవాటిని మించవన్నది అది. దాన్ని తప్పు అని నిరూపించింది 1958లో. అది మొదట విఫలమయ్యే సంఖ్య 90,61,50,257 అని తేలింది 1980లో. తొంభై కోట్ల దాకా ప్రతి ఉదాహరణా ఆ ఊహకు సరేనంది. వైద్యంలో అయితే ఆ సాక్ష్యానికి ఎవరూ ఎదురు చెప్పరు. గణితంలో ఒక్క ప్రత్యుదాహరణతో కథ ముగిసింది.

లోపాలు ఎక్కడ దాక్కుంటాయి? "స్పష్టమే", "సులువుగా చూపవచ్చు", "ఇదే విధంగా" అన్న మాటల కింద. అలాంటి ప్రతి చోటా ఆగి ఆ సులువైన పని మీరే చేయండి. నాలుగు రంగుల సమస్యకు (ఏ పటానికైనా పక్కపక్క ప్రాంతాలకు వేర్వేరు రంగులు వేయడానికి నాలుగు చాలునన్నది) 1879లో కెంపే ఇచ్చిన నిరూపణలో తప్పుందని హీవుడ్ 1890లో చూపే దాకా, పదకొండేళ్లపాటు అది చెల్లుబాటైంది. ఆండ్రూ వైల్స్ 1993 జూన్‌లో ప్రకటించిన ఫెర్మా చివరి సిద్ధాంతం నిరూపణలో, రివ్యూ చేస్తుండగా ఖాళీ బయటపడింది. రిచర్డ్ టేలర్ సాయంతో 1994 సెప్టెంబర్‌లో దాన్ని పూడ్చి, 1995లో అచ్చు వేశారు. కాబట్టి పెద్ద పేరు చూసి ఏ మెట్టూ దాటేయకండి.

కంప్యూటర్ లెక్క నిరూపణలో భాగమైతే కోడ్ బయట పెట్టారో లేదో చూడండి. గోళాలను అతి తక్కువ ఖాళీతో ఎలా పేర్చాలన్న కెప్లర్ ఊహకు థామస్ హేల్స్ 1998లో ఇచ్చిన నిరూపణను పన్నెండు మంది రివ్యూయర్లు ఏళ్ల తరబడి పరిశీలించి, 99 శాతం నమ్మకం ఉందని మాత్రమే చెప్పగలిగారు. ఆ ఒక్క శాతం కోసం హేల్స్ బృందం నిరూపణ మొత్తాన్నీ యంత్రం ప్రతి మెట్టునూ సరిచూసే రూపంలోకి మార్చి 2014లో పూర్తిచేసింది. ఇప్పుడు లీన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో సరిచూసిన నిరూపణలు పెరుగుతున్నాయి. అక్కడ కూడా యంత్రం నిరూపించిన వాక్యం, పేపర్లో రాసిన వాక్యం ఒకటేనా అని సరిపోల్చాల్సింది మనిషే.

4. మెటీరియల్ సైన్స్: బొమ్మలే ముందు, మాటలు తర్వాత

ఇక్కడ చదివే వరుస తిరగబడుతుంది. అబ్‌స్ట్రాక్ట్ చదివి నేరుగా బొమ్మలకు వెళ్లండి, ఆ తర్వాత నమూనా తయారీ పద్ధతి, ఆపై సప్లిమెంటరీ ఫైల్. అసలు మాట చాలాసార్లు ఆ సప్లిమెంటరీలోనే ఉంటుంది.

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: వాళ్లు తయారుచేశామంటున్న పదార్థం నిజంగా అదేనా? అందుకు సాధారణంగా చూపేది, పదార్థంలోని అణువుల అమరికను ఎక్స్‌రేలతో పట్టే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌ఆర్‌డీ) గ్రాఫ్. అడ్డంగా కోణం, నిలువుగా తీవ్రత, మధ్యలో సూదుల్లా లేచిన శిఖరాలు, కింద రిఫరెన్స్ గీతలు. ప్రతి రిఫరెన్స్ గీత మీదా శిఖరం ఉందా అని చూస్తాం, అది సగమే. ప్రతి శిఖరం కిందా గీత ఉందా అన్నది మిగతా సగం. ఎవరికీ చెందని చిన్న శిఖరం అంటే మలినం. నిలువు అక్షాన్ని కుదించి పెద్ద శిఖరాన్నే చూపిస్తే చిన్నవి బేస్‌లైన్ గరుకులో కలిసిపోతాయి. ఇంకో సంగతి, కొద్ది శాతం లోపు ఉన్న మలినం మామూలు ల్యాబ్ గ్రాఫ్‌లో అసలు కనపడకపోవచ్చు. స్ఫటికరూపం లేని పదార్థం పదునైన శిఖరాలే ఇవ్వదు. "ఎక్స్‌ఆర్‌డీలో శుద్ధంగా ఉంది" అంటే పూర్తిగా శుద్ధమని కాదు.

గ్రాఫ్ నుంచి మీరే ఒక లెక్క కట్టొచ్చు. రాగి గొట్టంతో వచ్చే ఎక్స్‌రే తరంగదైర్ఘ్యం 1.5406 ఆంగ్‌స్ట్రామ్‌లు. సిలికాన్ మొదటి శిఖరం 28.44 డిగ్రీల దగ్గర వస్తుంది. కోణాన్ని సగం చేస్తే 14.22, దాని సైన్ విలువ 0.2456. దాన్ని రెట్టింపు చేసి తరంగదైర్ఘ్యాన్ని భాగిస్తే పొరల మధ్య దూరం 3.136 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఏ పేపర్లోనైనా టేబుల్‌లో రాసిన దూరాన్నీ గ్రాఫ్‌లో గీసిన శిఖరాన్నీ ఇలా సరిపోల్చుకోవచ్చు. సరిపోకపోతే రచయితలను అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే.

2023 జూలైలో ఎల్‌కే-99 విషయంలో జరిగింది ఈ మలినం కథే. మామూలు ఉష్ణోగ్రతలో, మామూలు పీడనంలో అతివాహకం (విద్యుత్ నిరోధమే లేని పదార్థం) దొరికిందని ప్రిప్రింట్ వచ్చింది. 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పడిపోవడం వాళ్ల ప్రధాన సాక్ష్యాల్లో ఒకటి. ఆ నమూనాలో రాగి సల్ఫైడ్ మలినం ఉంది. రాగి సల్ఫైడ్ స్ఫటిక నిర్మాణం మారేది సరిగ్గా ఆ ఉష్ణోగ్రత దగ్గరే. మలినం లేకుండా శుద్ధ స్ఫటికం పెంచి చూస్తే అది అతివాహకం కాదు కదా, విద్యుత్‌ను పోనివ్వని బంధకంగా తేలింది. అయస్కాంతం మీద ఒక అంచు లేచిన ముక్క వీడియో ప్రపంచమంతా తిరిగింది. అలా సగం లేవడానికి అతివాహకత అక్కర్లేదు, మామూలు అయస్కాంత గుణం చాలు. ఒకే కొలతకు ఇంకో మామూలు కారణం ఉందా అని అడగడం ఈ రంగంలో అలవాటు కావాలి. నిరోధం సున్నా అయితే కొలిచే పరికరం కనిష్ఠ పరిమితి ఎంత? అయస్కాంత గుణం కొలిచారా? రెండూ ఒకే నమూనా మీద చేశారా?

బెల్ ల్యాబ్స్‌లో యాన్ హెండ్రిక్ షోన్ మోసం బయటపడింది ఇంకో దారిలో. వేర్వేరు ప్రయోగాలవి అన్న గ్రాఫుల్లో గజిబిజి నాయిస్ అచ్చుగుద్దినట్టు ఒకటే ఉంది. 2002లో విచారణ కమిటీ 24 ఆరోపణల్లో 16 చోట్ల అక్రమం జరిగిందని తేల్చింది. నాయిస్ ఎప్పుడూ రెండోసారి అలాగే రాదు. మరీ నున్నగా ఉన్న గ్రాఫ్ నాకైతే గరుకు గ్రాఫ్ కంటే ఎక్కువ అనుమానం తెప్పిస్తుంది.

చివరగా, ఎన్ని నమూనాలు? సోలార్ సెల్ పేపర్లో శీర్షికలో ఉండేది అన్నిట్లోకీ మెరుగైన ఒక్క సెల్ సామర్థ్యం. అదే బ్యాచ్‌లో మిగతావాటి సగటు ఎంతో చూడండి. బ్యాటరీ పేపర్లో "గ్రాముకు ఇంత" అన్నప్పుడు ఏ గ్రాము? క్రియాశీల పదార్థం బరువేనా, ఎలక్ట్రోడ్ మొత్తమా? పల్చటి పూత పూస్తే అంకె ఘనంగా వస్తుంది, మొత్తం బ్యాటరీ మీద లెక్కగడితే కరిగిపోతుంది. మైక్రోస్కోప్ బొమ్మలో స్కేల్ గీత లేకపోతే ఆ బొమ్మ అలంకారమే అనుకోండి.

5. వైద్యం: మెథడ్స్ దాటకుండా ఫలితం చూడొద్దు

వైద్య పేపర్లో అందరూ ముందు వెళ్లేది ముగింపుకు. మీరు మెథడ్స్‌కు వెళ్లండి. మనుషులను చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా విడగొట్టారా, లేక వాళ్లంతట వాళ్లే మందు వాడుతున్నవాళ్లను గమనించారా? గమనించిన అధ్యయనమైతే, మందు వాడేవాళ్లకూ వాడనివాళ్లకూ మధ్య డబ్బు, చదువు, అలవాట్ల తేడాలు ఉండే ఉంటాయి. మెనోపాజ్ తర్వాత హార్మోన్ మాత్రలు గుండెను కాపాడతాయని అలాంటి అధ్యయనాలు ఏళ్ల తరబడి చూపించాయి. యాదృచ్ఛికంగా విడగొట్టి చేసిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ ట్రయల్‌లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చిన భాగాన్ని 2002లో ముందే ఆపేయాల్సి వచ్చింది. మేలు కంటే కీడు ఎక్కువగా కనిపించింది.

రెండోది, ఏమి కొలిచారు. రోగికి పట్టేదా, లేక దానికి బదులుగా ల్యాబ్‌లో సులువుగా కొలవగలిగేదా? దీనికి క్యాస్ట్ ట్రయల్‌ను మించిన పాఠం లేదు. గుండెపోటు వచ్చినవాళ్లలో గుండె లయ తప్పితే చావు ముప్పు ఎక్కువ. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ లయ తప్పడాన్ని చక్కగా అణిచేవి. కాబట్టి ప్రాణం కాపాడతాయని డాక్టర్లు రాస్తూ వచ్చారు. పరీక్షించి చూస్తే 1991 తుది నివేదికలో మందు తీసుకున్న 755 మందిలో 63 మంది, ప్లాసిబో (మందులా కనిపించే ఉత్తి మాత్ర) తీసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు. ఈసీజీ బాగుపడింది, మనిషి దక్కలేదు.

ఈ అంకెలతోనే మూడో పని నేర్చుకుందాం. 63ను 755తో భాగిస్తే 8.3 శాతం, 26ను 743తో భాగిస్తే 3.5 శాతం. రెండు రకాలుగా చెప్పొచ్చు. మందు వల్ల చావు ముప్పు 2.4 రెట్లు అయింది, ఇది సాపేక్షం. వందకు దాదాపు ఐదుగురు అదనంగా చనిపోయారు, అంటే మందు తీసుకున్న ప్రతి 21 మందిలో ఒకరు అదనం, ఇది నికరం. ఇప్పుడు ఊహకు ఇంకో మందు తీసుకోండి. పదివేల మందిలో ఇద్దరికి వచ్చే జబ్బును ఒకరికి తగ్గించింది. "ముప్పు సగానికి తగ్గింది" అన్న శీర్షిక అబద్ధం కాదు, కానీ పదివేల మంది మందు తింటే ఒక్కరికి మేలు. పేపర్ సాపేక్షం ఒక్కటే చెబితే టేబుల్ తెరిచి నికరం మీరే కట్టుకోండి. మేలును సాపేక్షంలోనూ హానిని నికరంలోనూ చెప్పే పేపర్లు ఉంటాయి, అక్కడ మరింత జాగ్రత్త.

నాలుగోది, రిజిస్ట్రేషన్. ప్రయోగం మొదలయ్యే ముందే ఏ ఫలితాన్ని ప్రధానంగా చూస్తామో క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ లాంటి చోట నమోదు చేయాలి. ఈ సైట్ 2000లో మొదలైంది. 2005 నుంచి పెద్ద వైద్య జర్నళ్ల సంపాదకులు నమోదు లేని ట్రయల్‌ను తీసుకోమన్నారు. తేడా ఎంతో కాప్లాన్, ఇర్విన్ 2015లో చూపించారు. అమెరికా ప్రభుత్వ గుండె, ఊపిరితిత్తుల సంస్థ నిధులిచ్చిన పెద్ద ట్రయల్స్‌లో 2000కు ముందు 30లో 17 మేలు చూపించాయి, ఆ తర్వాత 25లో రెండే. కాబట్టి నమోదు పేజీ తెరిచి, అక్కడి ప్రధాన ఫలితం పేపర్లో ఉన్నదేనా చూడండి. మారిపోయి ఉంటే కారణం రాశారా?

ఉపసమూహాల సంగతి చెప్పడానికి ఐసిస్-2 అనే ట్రయల్ చాలు. 1988లో 17,187 మంది గుండెపోటు రోగుల మీద ఆస్పిరిన్ పని చేస్తుందని నిస్సందేహంగా తేలింది. ఒక్కో గుంపుకూ విడిగా ఫలితం చెప్పమని జర్నల్ అడిగితే, ఆ పరిశోధకులు కొంటెగా పుట్టిన తేదీ రాశుల ప్రకారం కూడా విడగొట్టారు. మిథున, తులా రాశుల వాళ్లకు ఆస్పిరిన్ కాస్త చెరుపు చేసినట్టు వచ్చింది! "మొత్తంగా మందు పని చేయలేదు గానీ 60 దాటిన మగవాళ్లలో పని చేసింది" అన్న వాక్యం ఎక్కడైనా కనిపిస్తే ఈ రాశులను గుర్తు తెచ్చుకోండి.

మధ్యలో ఎంతమంది వెళ్లిపోయారు, వెళ్లినవాళ్లను లెక్కలో ఉంచారా తీసేశారా, డబ్బు ఎవరు పెట్టారు, ఇవి కూడా చూడాలి. కంపెనీ డబ్బు పెట్టిందని పేపర్‌ను కొట్టేయక్కర్లేదు. దేనితో పోల్చారో మాత్రం ఇంకాస్త గట్టిగా చూడాలి, ఎందుకంటే పాత మందును తక్కువ మోతాదులో ఇచ్చి కొత్త మందును గెలిపించడం కష్టమేమీ కాదు.

6. సైకాలజీ: కొలబద్దను కొలవండి

2015లో ఓపెన్ సైన్స్ కొలాబరేషన్ అనే పరిశోధకుల బృందం వంద సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసింది. అసలు అధ్యయనాల్లో 97 శాతం గణాంకపరంగా విజయవంతమైనవే. మళ్లీ చేస్తే 36 శాతమే నిలిచాయి, ప్రభావం సగటున సగానికి తగ్గింది. దీనర్థం సైకాలజీ అంతా వట్టిదని కాదు. ఇంకో రంగంలో ఇలాంటి పరీక్ష పెట్టుకునే ధైర్యం ఎంతమంది చేస్తారు? కానీ చిన్న శాంపిల్‌తో, ఆశ్చర్యపరిచే ఫలితంతో వచ్చిన ఒంటరి పేపర్‌ను ఎంత నమ్మాలో దీన్నిబట్టి లెక్కేసుకోవచ్చు.

ముందు కొలత చూడండి. "ఆనందం", "సంకల్పబలం", "టెన్షన్" అని రాసిన చోటల్లా అసలు ఏమి కొలిచారో ఆ పేరు స్థానంలో పెట్టి వాక్యాన్ని మళ్లీ చదవండి. "డిప్రెషన్ తగ్గింది" అన్నది "తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9లో, 27కు గాను, స్కోరు రెండు పాయింట్లు తగ్గింది" అని మారుతుంది. అప్పుడు అడగాల్సినవి వాటంతటవే వస్తాయి. రెండు పాయింట్ల తేడా మనిషికి తెలుస్తుందా? ప్రశ్నావళిని ఇంకో భాషలోకి మార్చాక మళ్లీ పరీక్షించారా? క్రాన్‌బాక్ ఆల్ఫా అనే అంకె 0.8 వచ్చిందని రాస్తారు. ప్రశ్నలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయని అది చెబుతుంది, మనం అనుకున్నదాన్నే కొలుస్తున్నాయని చెప్పదు.

తర్వాత రచయితలకు ఎన్ని దారులు ఉన్నాయో లెక్కపెట్టండి. ఐదు ఫలితాలు కొలిచి రెండే రిపోర్ట్ చేయొచ్చు, కొందరిని తీసేయొచ్చు, ఇంకో పదిమందిని చేర్చి మళ్లీ చూడొచ్చు. ఇవన్నీ కలిపితే ఏం వస్తుందో 2011లో సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ చేసి చూపించారు. ఒక పాట విన్నవాళ్ల వయసు దాదాపు ఏడాదిన్నర తగ్గినట్టు, పి విలువ (అసలేమీ లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) 0.05 కన్నా తక్కువతో, "నిరూపించారు". అంకెలు నిజమైనవే, అచ్చులో ఒప్పుకునే పద్ధతులే. ఇరవై వేర్వేరు పరీక్షలు చేస్తే, అసలేమీ లేకపోయినా కనీసం ఒకటి అలా తగిలే అవకాశం 64 శాతం. అందుకే ప్రిరిజిస్ట్రేషన్ (ఏమి కొలుస్తామో, ఎలా లెక్కిస్తామో ముందే నమోదు చేయడం) లింక్ ఉందో లేదో చూడాలి, ఉంటే తెరిచి పేపర్‌తో పోల్చాలి. లింక్ ఉండటంతోనే సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఎవరి మీద చేశారన్నది ఇంకోటి. పెద్ద జర్నళ్లలోని శాంపిళ్లలో 96 శాతం, ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న దేశాలవని 2008లో ఆర్నెట్ లెక్క తీశారు. అందులోనూ కాలేజీ విద్యార్థులే ఎక్కువ. మిఠాయి ముందు పెట్టి ఆగమంటే ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగా రాణిస్తారన్న మార్ష్‌మెలో ప్రయోగం అందరూ వినే ఉంటారు. 2018లో వాట్స్ బృందం 900 మందికి పైగా పిల్లలతో చూస్తే ఆ సంబంధం మొదట చెప్పినదాంట్లో సగమే వచ్చింది. కుటుంబ నేపథ్యం, చిన్నప్పటి తెలివితేటలు లెక్కలోకి తీసుకున్నాక అందులోనూ మూడింట రెండు వంతులు పోయింది.

7. కాలిక్యులేటర్ తీసి రెండు లెక్కలు కట్టండి

మొదటిది సగటు సాధ్యమేనా అన్నది. 25 మందిని ఒకటి నుంచి ఏడు వరకు పూర్ణాంకంలో జవాబు చెప్పమన్నారు, సగటు 3.47 అని రాశారు. మొత్తం 86 అయితే సగటు 3.44, మొత్తం 87 అయితే 3.48. మధ్యలో 3.47 రావడానికి దారే లేదు. గ్రిమ్ పరీక్ష అని బ్రౌన్, హీథర్స్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. అచ్చుతప్పు కావచ్చు, జవాబు ఇవ్వనివాళ్లు ఉండొచ్చు, ఇంకేమైనా కావచ్చు. అడగదగ్గ ప్రశ్న మాత్రం ఖాయం. వందకు మించి ఉన్న శాంపిల్‌లో, రెండు దశాంశాల సగటుకు ఇది పనికిరాదు.

రెండోది "మూడు సూత్రం" (రూల్ ఆఫ్ త్రీ). "60 మందిలో ఒక్కరికి కూడా దుష్ప్రభావం రాలేదు" అని ఉంటే మూడును 60తో భాగించండి. ఐదు శాతం. అంటే నిజమైన రేటు ఇరవై మందికి ఒకరు దాకా ఉండొచ్చు, ఆ డేటా దాన్ని కాదనలేదు. మెటీరియల్స్‌లో "పరీక్షించిన పది ముక్కల్లో ఏదీ విరగలేదు" అన్నా ఇదే లెక్క కడితే ఎంత పెద్ద సంఖ్య వస్తుందో చూడండి.

8. పేపర్ చుట్టూ ఏముందో చూడండి

గూగుల్ స్కాలర్‌లో "సైటెడ్ బై" నొక్కి, ఆ పేపర్ తర్వాత వచ్చినవి చూడండి. వందల సైటేషన్లు ఉన్నాయంటే చర్చలో ఉందని మాత్రమే. తిట్టడానికి ప్రస్తావించినా అది సైటేషనే. మళ్లీ చేసి చూసినవాళ్లు, సరిదిద్దినవాళ్లు, విమర్శ రాసినవాళ్లు దొరుకుతారేమో చూడాలి. వైద్యంలో అయితే కాక్రేన్ సమీక్ష (ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసేది) ఉందేమో వెతకండి. గణితంలో జెడ్‌బీమ్యాథ్ ఓపెన్‌లో రివ్యూలు ఉచితంగా చదవొచ్చు. రచయితల వరుసను చూసి ఎవరు ఎంత చేశారో అంచనా వేస్తుంటే రంగం గుర్తుంచుకోండి: గణితంలో అక్షర క్రమం, మిగతా చోట్ల సాధారణంగా ముందున్నవారు పని చేసినవారు, చివరున్నవారు బృందానికి పెద్ద.

9. నోట్ రాసి పెట్టుకోండి

అర పేజీ చాలు. రెండో మెట్టులో రాసిన వాక్యం, దాన్ని నిలబెడుతున్న ఒకే ఒక్క బొమ్మ లేదా టేబుల్ లేదా లెమ్మా నంబర్, మీకు తెగని సందేహం, ఏమి చూస్తే మీ అభిప్రాయం మారుతుందన్నది. చివరిది రాయడం కష్టం, అందుకే రాయాలి. "ఇంకో ల్యాబ్‌లో అదే కొలత వస్తే నమ్ముతాను" అన్నది మంచి వాక్యం. "ఇంకా పరిశోధన జరగాలి" అన్నది ఖాళీ వాక్యం.

సందేహం తెగకపోతే రచయితకు రాయండి, పేజీ, లైన్ చెప్పి, ఒకే ప్రశ్నతో. "మీ పేపర్ తప్పు" అని కాదు, "మూడో టేబుల్ రెండో వరుస నాకు ఇలా వస్తోంది, నేను ఏది వదిలేశాను?" అని. డేటా అడిగితే ఏ ఫైల్ కావాలో చెప్పండి.

పేపర్‌ను జొటెరోలో (రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్) దాచుకుంటే, తర్వాత ఎప్పుడైనా అది ఉపసంహరణకు గురైనప్పుడు ఎర్రటి గుర్తుతో హెచ్చరిస్తుంది. అలా జరిగిన రోజున మీ థీసిస్‌లో, వ్యాసంలో, స్లైడ్లలో దాన్ని ఎక్కడెక్కడ వాడారో వెతికి, ఆ వాక్యం అది లేకుండా నిలుస్తుందో లేదో చూసి, నిలవకపోతే తీసేయండి.